ఎముకలు ఎవరివి, మాట ఎవరిది?

బడి పుస్తకంలో ప్రతి తేదీ పక్కనా క్రీ.శ. అని చదువుతాం. అంటే క్రీస్తు శకం. పంచాంగం తెరిస్తే శాలివాహన శకం అని ఉంటుంది. ప్రభుత్వం మారిన ప్రతిసారీ పేపర్లో 'కొత్త శకం మొదలైంది' అని రాస్తారు. ఈ 'శకం' అనే మాట మొదట కాలానికి పేరు కాదు. ఒక జనానికి పేరు. వాళ్లు శకులు. నల్ల సముద్రం ఒడ్డు నుంచి అల్తాయ్ కొండల దాకా పరుచుకున్న స్టెప్పీ గడ్డి మైదానాల్లో గుర్రాలతో, మందలతో తిరిగిన సంచార జనాల్లో ఒక శాఖ. వారిలో కొందరు మన దేశానికి వచ్చి పడమటి ప్రాంతాలను ఏలారు. వారి పాలనలో వాడిన సంవత్సరాల లెక్క క్రీ.శ. 78తో మొదలవుతుంది. శకుల లెక్క కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. పోనుపోను ఏ లెక్కనైనా శకం అనడం అలవాటైంది. తర్వాతి కాలంలో ఆ లెక్క ముందు శాలివాహనుడి పేరు చేర్చారు. శకులను గెలిచినవాడని కథల్లో చెప్పుకునే రాజు ఆయన. 1957లో భారత ప్రభుత్వం జాతీయ క్యాలెండర్‌గా తీసుకున్నదీ ఈ లెక్కనే.

అంటే ఆ జనం పేరును మనం రోజూ పలుకుతున్నాం, అది ఒక జనం పేరని తెలియకుండానే. మరి ఆ జనం ఏమయ్యారు? వారికి వారసులు ఎవరు? వారి మాట ఎవరి నోట ఉంది, వారి రక్తం ఎవరి ఒంట్లో ఉంది?

ఎక్కడో ఉన్న గడ్డి మైదానాల గొడవ ఆదివాసులకు ఎందుకు అని అడగవచ్చు. ఇలాంటి ప్రశ్నే మన పిల్లల్ని కూడా అడుగుతున్నారు కాబట్టి. 'మీ భాష నీకు రాదు కదా, నువ్వేం ఆదివాసివి?' అని కాలేజీలో తోటివాళ్లు అడుగుతారు. కార్యాలయాల్లో అదే మాటను ఇంకో రకంగా అడుగుతారు. ఒక్కోసారి మనవాళ్లే అడుగుతారు. ఒక మనిషి ఒక జనానికి చెందినవాడని దేనితో తేల్చాలి? రక్తంతోనా, భాషతోనా, పేరుతోనా, నేలతోనా? స్టెప్పీ జనాల చరిత్రలో ఈ నాలుగూ నాలుగు దారుల్లో వెళ్లిపోయాయి. అందుకే ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఆ చరిత్ర పనికొస్తుంది.

ముందు వారి సంగతి వారి మాటల్లో వినే వీలు లేదని గుర్తుంచుకోవాలి. నల్ల సముద్రం పైన ఉన్నవారిని గ్రీకులు సిథియన్లు అన్నారు. పర్షియన్లు ఆ జనాలందరినీ శకులు అన్నారు. పర్షియా చక్రవర్తి డేరియస్ క్రీ.పూ. 520 ప్రాంతంలో బెహిస్తూన్ కొండ మీద చెక్కించిన శిల్పంలో తాడుతో కట్టేసిన బందీల వరుస ఉంది. ఆ వరుస చివర మొనదేలిన పొడవాటి టోపీతో నిలబడినవాడు శకుల నాయకుడు స్కుంఖ. పేరు తెలిసిన శకుల్లో తొలివారిలో ఒకడు అతను. అతని బొమ్మ మనకు మిగిలింది ఓడిపోయి కట్టుబడిన స్థితిలోనే. ఆ తర్వాత క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ తన గ్రంథంలో నాలుగో భాగాన్ని చాలావరకు సిథియన్లకే కేటాయించాడు. వాళ్లు తమను తాము 'స్కోలోటులు' అని పిలుచుకుంటారనీ, సిథియన్లనేది గ్రీకులు పెట్టిన పేరనీ ఆయనే రాశాడు. అయినా ప్రపంచానికి నిలిచింది గ్రీకులు పెట్టిన పేరే. మన తెగల్లో ఎన్నింటికి లోపల ఒక పేరు, రికార్డుల్లో ఇంకో పేరు ఉన్నాయో తలుచుకుంటే ఇది మనకు కొత్తగా అనిపించదు. గోండులు తమను తాము కోయితూర్ అనుకుంటారు. ప్రభుత్వ జాబితాలో ఉన్నది గోండు.

సిథియన్లు తమ భాషలో ఒక్క పుస్తకం కూడా మిగల్చలేదు. ఆ భాష ఎలాంటిదో తెలిసింది మనుషుల పేర్ల నుంచి, కొద్దిపాటి మాటల నుంచి, నదుల పేర్ల నుంచి. నల్ల సముద్రం ఒడ్డున గ్రీకు పట్టణాల్లో దొరికిన రాళ్ల మీద గ్రీకు లిపిలో గ్రీకువి కాని పేర్లు ఎన్నో ఉన్నాయి. వాటిని విడదీసి చూసిన పండితులు అవి ఇరానీ భాషల కుటుంబానికి చెందినవని తేల్చారు. డాన్, నీపర్, నీస్టర్ నదుల పేర్లలో వినిపించే 'డన్' ఆ భాషల్లో నీటికి, నదికి వాడే మాటే. ఆ ఒడ్డుల మీద ఇవాళ రష్యన్, ఉక్రేనియన్ మాట్లాడేవారు ఉన్నారు. నదులు మాత్రం పాత పేరుతోనే పారుతున్నాయి.

ఆ మాట సజీవంగా ఇంకా ఒక చోట ఉంది. కాకసస్ కొండల్లో ఒస్సెతీయులనే చిన్న జనం ఉన్నారు. వారి భాషలో 'దోన్' అంటే నీళ్లు, నది కూడా. గోండీలో 'ఏర్' అంటే నీళ్లు, తెలుగులో ఏరంటే పారే నీళ్లు. అలాంటి దగ్గరితనమే ఇది. సిథియన్లకు దగ్గరివారైన సర్మతులు, వారిలోంచి వచ్చిన అలన్లు మాట్లాడిన భాషకు ఈనాటి ఒస్సెతీయ భాష వారసురాలని పండితులు ఒప్పుకుంటారు. ఒస్సెతీయుడైన భాషావేత్త వసీలీ అబాయెవ్ తన జీవితంలో పెద్ద భాగం ఈ మాటల మూలాలు వెతకడానికే పెట్టాడు.

వారి నార్త్ గాథలు కూడా అంతే పాతవి. అవి ఎన్నో తరాలు నోటిమాటగానే వచ్చాయి. కాగితం మీదికి ఎక్కింది 19వ శతాబ్దంలో. ఆ గాథల్లో ఒక మాయగిన్నె ఉంది. నిజమైన వీరుడు తన పనుల గురించి చెబితే అది తానుగా అతని పెదవుల దాకా లేస్తుంది. సిథియన్లలో ఏడాదికోసారి ఒక పాత్రలో ద్రాక్షసారా కలిపేవారనీ, శత్రువును చంపినవారే దాన్ని తాగాలనీ, చంపనివారు అవమానంతో పక్కన కూర్చోవాలనీ హెరోడోటస్ రాశాడు. ఈ రెంటి పోలికను ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యూమెజిల్ ఎత్తి చూపాడు. రెండు వేల ఏళ్లకు పైగా దూరంలో ఉన్న విషయాన్ని లిపి లేని నోళ్లు ఇంత దగ్గరగా మోసుకొచ్చాయి. ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల కథలు పాడే పర్ధాన్ల, తోటీల పాటను 'ఆధారం లేని కథ' అని తీసిపారేసేవారు దీన్ని గమనించాలి.

అయితే వారసులు ఒస్సెతీయులే అని ఇక్కడితో ఆపేయవచ్చా? రక్తం ఇంకో సంగతి చెబుతోంది. ఒస్సెతీయ మగవారి వంశ గుర్తుల్లో ఎక్కువ భాగం కాకసస్ కొండల్లో వారి పొరుగువారిలో కనిపించే రకమే. అంటే మైదానం నుంచి భాష వచ్చింది. దాన్ని మాట్లాడుతున్నవారిలో ఎక్కువమంది తాతలు మాత్రం ఆ కొండలవారే.

మరి శరీరాలు ఎవరివి? 1993లో రష్యాకు చెందిన పురావస్తు శాస్త్రవేత్త నతాలియా పొలోస్మాక్ బృందం అల్తాయ్ కొండల్లోని ఉకోక్ పీఠభూమిలో ఒక సమాధి తవ్వింది. మంచు గడ్డకట్టి ఉండడం వల్ల లోపల ఉన్న యువతి దేహం, బట్టలు, చేతుల మీది పచ్చబొట్లు పాడవలేదు. ఆమెతోపాటు ఆరు గుర్రాలను పూడ్చారు. ఆమె సుమారు 2,400 ఏళ్ల కిందటి పజిరిక్ సంస్కృతికి చెందినది. తూర్పు దిక్కున ఉన్న సిథియన్లు వీరే అంటారు. ఆమెను నోవోసిబిర్స్క్‌కు తీసుకుపోయారు. అల్తాయ్ ప్రజలు ఆమె మా అమ్మ, తిరిగి ఇవ్వండి అన్నారు. వారు మాట్లాడేది తుర్కీ కుటుంబపు భాష. ఆమెకూ నేటి అల్తాయ్ ప్రజలకూ రక్తసంబంధం లేదని కొందరు శాస్త్రవేత్తలు వాదించారు. 2003లో అక్కడ పెద్ద భూకంపం వచ్చింది. అమ్మను కదిలించినందుకే నేల కదిలిందని అక్కడివారు అనుకున్నారు, ఇంకా గట్టిగా అడిగారు. 2012లో ఆమెను గోర్నో-అల్తైస్క్ మ్యూజియానికి తిరిగి తెచ్చారు. తిరిగి పూడ్చాలన్నది అక్కడి చాలామంది కోరిక.

2017లో అచ్చయిన ఒక పురాతన డీఎన్‌ఏ అధ్యయనం ఇంకో మాట చెప్పింది. తూర్పు సిథియన్లకు దగ్గరి పోలికలు ఈనాటి వారిలో ఎక్కువగా తుర్కీ భాషలు మాట్లాడే జనాల్లోనే కనబడుతున్నాయట. అంటే ఒకచోట భాష మిగిలి రక్తం వేరైతే, ఇంకోచోట రక్తం కొంత మిగిలి భాష మారిపోయింది. అల్తాయ్ ప్రజలు ఈ పరిశోధన కోసం ఆగలేదు. ఆమె మా నేలలో నిద్రపోతున్నది, కాపాడాల్సింది మేమే అన్నదే వారి వాదన. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పట్టణపు పిట్ రివర్స్ మ్యూజియంలో ఉన్న తమ పూర్వీకుల అవశేషాలను తిరిగి తెచ్చుకోవాలని మన దేశపు నాగా ప్రజలు చేస్తున్న ప్రయత్నం కూడా ఇలాంటిదే.

మూడో జనం కథ హంగేరీలో ఉంది. 13వ శతాబ్దంలో మంగోలుల దాడులకు చెదిరి అలన్లలో కొందరు అక్కడికి చేరారు. వారిని యాస్ ప్రజలు అంటారు. ఇవాళ వారంతా హంగేరియన్ మాట్లాడతారు. వారి పాత భాష నుంచి మిగిలింది నలభై మాటల చిట్టా ఒక్కటే. 1422 నాటి ఒక కోర్టు వ్యవహారపు కాగితం వెనుక ఎవరో రాసుకున్నది అది. 1957లో పాత పత్రాల్లో బయటపడింది. అందులో ఉన్నవి గొప్ప మాటలేమీ కావు. ఒక పలకరింపు, తిండి సరుకులు, పశువులు. ఆ పలకరింపు 'దాబన్ హోర్జ్'. ఈనాటి ఒస్సెతీయుడు దాన్ని వింటే తిరిగి పలకరిస్తాడు. 'నీ రోజు బాగుండాలి' అని దాని అర్థం.

భాష పోయాక యాస్ ప్రజలు యాస్ ప్రజలుగా మిగలలేదా? మిగిలారు. వారికి రాజుల కాలం నుంచి స్వంత పరిపాలన, కొన్ని స్వేచ్ఛలు ఉండేవి. 1702లో చక్రవర్తి లియోపోల్డ్ వారి ప్రాంతాన్ని, పక్కనే ఉన్న కూన్ ప్రజల ప్రాంతంతో కలిపి, జర్మన్ యోధ మఠానికి అమ్మేశాడు. నేలతోపాటు మనుషుల స్వేచ్ఛ కూడా పోయింది. వాళ్లు నలభై ఏళ్లకు పైగా పట్టు వదల్లేదు. చివరికి 1745లో మహారాణి మరియా తెరీసా ఒప్పుకున్నాక 5 లక్షల ఫ్లోరిన్లకు పైగా పోగుచేసి కట్టి తమ నేలను, స్వేచ్ఛను తామే విడిపించుకున్నారు. 'మీ పాత భాష ఒకసారి మాట్లాడి చూపించండి, అప్పుడు ఒప్పుకుంటాం' అని వారిని ఎవరైనా అడిగి ఉంటే ఒక్కరూ నెగ్గేవారు కాదు. అయినా ఆ కథ అంతా వెలుగే అనుకోవద్దు. ఆ డబ్బులో వాటా కట్టగలిగినవారికే పొలం దక్కింది. కట్టలేని పేదలు అదే జనంలో రెండో తరగతివారయ్యారు. బయటివాడితో పోరాడి గెలిచిన జనం కూడా ఇంట్లో గీతలు గీసుకుంటుంది.

ఇక మన దేశానికి వచ్చిన శకుల సంగతి. పశ్చిమ క్షాత్రపుల వంశంలో చష్టనుడి తండ్రి పేరు య్సామోతిక. మన అక్షరాల్లో పలకడానికే ఇబ్బందిగా ఉంది కదా. ఆ పేరులోని 'జ్' లాంటి పరాయి ధ్వనికి బ్రాహ్మీలో అక్షరం లేదు, అందుకే 'య', 'స' కలిపి రాశారు. ఆయన కొడుకు చష్టనుడు, మనవడు జయదాముడు, మునిమనవడు రుద్రదాముడు. నాలుగో తరానికి పేరులో శక భాష ఆనవాలు లేదు. క్రీ.శ. 150 ప్రాంతంలో జునాగఢ్ బండ మీద ఆ రుద్రదాముడు చెక్కించిన శాసనం పొడవైన సంస్కృత శాసనాల్లో మొదటిదిగా పేరుపొందింది. శకులను నాశనం చేశాడని గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి బాలశ్రీ నాసిక్ శాసనంలో పొగిడింది. జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు శాతకర్ణిని రెండుసార్లు ఓడించాననీ, దగ్గరి బంధుత్వం ఉంది కాబట్టి వదిలేశాననీ చెప్పుకున్నాడు. శాసనాల్లో శత్రువులు, పెళ్లి పందిట్లో వియ్యంకులు. వారి బిడ్డలు ఎవరి వారసులు?

ఈ శకులు భాష పోగొట్టుకున్నది సింహాసనం మీద కూర్చుని. తమ అవసరం కోసం మార్చుకున్నారు, అందుకు వారిని ఎవరూ నిలదీయలేదు. మన పిల్లల పేర్లు బడి రిజిస్టరులో మారాయి. మన మాటలు హాస్టల్లో నవ్వులపాలయ్యాయి. సంతలో, కచేరీలో, ఆసుపత్రిలో మన మాటకు జవాబు రాలేదు. అందుకే ఇళ్లలో కూడా మాట మారింది. మారక తప్పని పరిస్థితి తెచ్చి, మారాక 'నీ భాష ఏదీ' అని అడగడం న్యాయం కాదు.

గమనిస్తే, ఈ రుజువులు ఎప్పుడూ బలహీనుడినే అడుగుతారు. క్రీ.పూ. 2000, 1500 మధ్య స్టెప్పీ పశుపోషకుల రక్తం మన ఉపఖండంలోకి వచ్చిందని 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం చెప్పింది. అంతకుముందు 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధన, చెంచులతో సహా తాము చూసిన దాదాపు అన్ని భారతీయ సమూహాల్లోనూ పాత మూలాలు వేరువేరు పాళ్లలో కలిసే ఉన్నాయని చూపింది. కలవని జనం లేదు. అయినా పెద్ద కులాలవారిని, పెద్ద భాషలవారిని 'మీ రక్తం స్వచ్ఛమేనా' అని ఏ కార్యాలయమూ అడగదు. ఆ ప్రశ్న పొలం పట్టా దగ్గర, కుల ధ్రువపత్రం దగ్గర, ఇవ్వాల్సింది ఎగ్గొట్టాలనుకున్న చోట మాత్రమే లేస్తుంది.

అందుకే 'మేమే ఈ నేలకు మొదటివారం, డీఎన్‌ఏ చెప్పింది' అన్న వాదన మీద మన హక్కులు నిలబెట్టుకోవడం మంచిది కాదని మా అభిప్రాయం. రేపు ఇంకో పరిశోధన వచ్చి లెక్క కొంచెం మార్చిందనుకోండి, మన హక్కు కూడా తగ్గిపోవాలా? రక్తం పేరుతో మనుషుల విలువ కొలవడం మొదలుపెట్టినవారు ఎక్కడికి చేరారో గత శతాబ్దంలో జర్మనీ చూపింది. 'ఆర్య' అన్న భాషల మాటను జాతి మాట చేసి లక్షల మందిని చంపారు. మన హక్కు ఈ అడవిలో తరతరాల బతుకు మీద, ఐదో షెడ్యూలు మీద, 1/70 చట్టం మీద, వాటి కోసం జరిగిన పోరాటాల మీద నిలబడి ఉంది. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డ్ తెగలను గుర్తించడానికి చెప్పిన ఐదు లక్షణాల్లో ప్రత్యేక సంస్కృతి ఉంది, భౌగోళికంగా వేరుగా ఉండడం ఉంది. ఇంకా నచ్చని మాటలూ ఉన్నాయి, 'ఆదిమ లక్షణాలు' లాంటివి. కానీ సొంత భాష వచ్చి తీరాలన్న షరతు లేదు. చెంచులు తెలుగే మాట్లాడతారు, కొండరెడ్లు తెలుగే మాట్లాడతారు. వాళ్లు ఆదివాసులు కాదని ఎవరనగలరు?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. రక్తమూ కొలత కాదు, భాషా కొలత కాదు అంటే, దొంగ ధ్రువపత్రాలతో మన ఉద్యోగాలు, మన సీట్లు ఎత్తుకుపోయేవాడికి తలుపు తెరిచినట్టు కాదా? కాదు. వాడి మోసం తెలియడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వాడు చెప్పుకునే ఊళ్లో అడిగితే చాలు. కొత్తల పండుగకు వచ్చాడా? చావుకు కర్ర మోశాడా? భూమి కోసం కేసు నడిచినప్పుడు మనవైపు నిలబడ్డాడా? వాడు మనవాడినని చెప్పుకోవడమే కాదు, మనం కూడా వాడిని మనవాడని అనాలి. ఈ రెండు ఒప్పుకోళ్లూ ఒకచోట కలిసినప్పుడే చుట్టరికం. అల్తాయ్ ప్రజలు ఆ మంచు యువతి నుంచి ఉద్యోగం ఆశించలేదు, భూమి ఆశించలేదు. ఆమె పట్ల తమకో బాధ్యత ఉందన్నారు. వారసత్వాన్ని హక్కుగా మాత్రమే చూసేవాడు రుజువు కాగితాలు వెతుక్కుంటాడు. బాధ్యతగా చూసేవాడు పని మొదలుపెడతాడు.

ఇంకో అభ్యంతరం మనలోంచే వస్తుంది. భాష లేకపోయినా ఆదివాసే అయితే, ఇక భాష ఎందుకు? దీనికి జవాబు సిథియన్ల దగ్గరే ఉంది. వాళ్ల సమాధుల్లో బంగారం దొరికింది, దుస్తులు దొరికాయి, గుర్రాల కళ్లేలు దొరికాయి. ఒక తల్లి బిడ్డను ఏమని జోకొట్టిందో, ఒక ముసలాయన కొడుకును ఏమని తిట్టాడో మాత్రం దొరకలేదు. వాళ్ల గురించి తెలిసినదంతా గ్రీకు వర్తకులు, పర్షియన్ రాజులు చెప్పింది. తమ భాష రానివాళ్ల మాట 'బర్ బర్' మని వినిపిస్తుందని గ్రీకులు అందరినీ బర్బరులు అన్నారు. ఆ బర్బరుల వైపు నుంచి జవాబు మనదాకా రాలేదు. భాష పోతే మనిషి హక్కు పోదు. కానీ ఆ మనిషి తన గురించి తాను చెప్పుకునే చోటు పోతుంది, ఆ చోట్లో ఇంకెవరో కూర్చుని చెబుతారు.

కాబట్టి భాష రాని పిల్లవాడిని చిన్నబుచ్చడం తప్పు. వాడికి ఆ భాష నేర్చుకునే దారి చూపకపోవడం కూడా తప్పే. ఒస్సెతీయ భాషను యునెస్కో 'ముప్పు అంచున ఉన్న' భాషల్లో చేర్చింది. రెండున్నర వేల ఏళ్లు నిలిచిన మాట కూడా ఒక్క తరం నిర్లక్ష్యానికి చిక్కుతుంది. అయినా అక్కడివారికి ఒక ఆసరా ఉంది. 1899లోనే వారి కవి కోస్తా ఖెతగురోవ్ తన భాషలో ఒక కవితల పుస్తకం తెచ్చాడు. ఇవాళ్టికీ అక్కడి పిల్లలు దాన్ని చదువుతారు.

టీచర్లకు మా విన్నపం ఒక్కటే. మీ తరగతిలో గోండీ, కోయ, కొలామీ, కువి, సవర ఏ మాట వినిపించినా దాన్ని దిద్దవద్దు, బోర్డు మీద రాయండి. నీళ్లకు ఏమంటారు, నిప్పుకు ఏమంటారు, అత్తను ఏమని పిలుస్తారు అని అడగండి. యువకులు ఇంట్లో నాయనమ్మ దగ్గర కూర్చుని ఫోనులో ఆమె గొంతు దాచుకోండి. యాస్ ప్రజల నలభై మాటల్ని రాసినది ఎవరో తెలియదు, కోర్టు కాగితం వెనుక ఖాళీ జాగా ఉంది కాబట్టి అవి బతికాయి. మన మాటలకు అలాంటి కాగితం కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేదు. నోట్‌బుక్కులు మన చేతిలో ఉన్నాయి, చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఇంట్లో ఉన్నారు.